గుండె చెవిలో గడ్డ

మటన్ కొట్టులో మేక గుండెను ముక్కలు కొట్టకముందు ఎప్పుడైనా గమనించారా? పైభాగాన, తెల్లటి కొవ్వు పక్కన, మెత్తటి తమ్మెలు రెండు అంటుకుని ఉంటాయి. అంచులు ముడతలు పడి, అచ్చం కుక్కపిల్ల చెవుల్లా ఉంటాయి. మనిషి గుండెకూ అవి ఉన్నాయి. పాశ్చాత్య శరీరశాస్త్రజ్ఞులు లాటిన్‌లో వాటికి ‘చిన్న చెవి’ అనే పేరు పెట్టారు. గుండె పై గదులను మన పాఠ్యపుస్తకాలు కర్ణికలు అనడంలోనూ ఆ చెవే దాగుంది. కర్ణిక అంటే చెవి దుద్దు. తామరపువ్వు నడుమ ఉండే దుద్దు కూడా. ‘కర్ణికలు రెండు, జఠరికలు రెండు’ అని బడిలో బట్టీ పట్టినప్పుడు ఆ మాటలో ఒక నగ ఉందని మాకెవరూ చెప్పలేదు.

ఈ రెండు చెవుల్లో ఎడమదానితోనే మనకిప్పుడు పని. బొటనవేలంత సంచి అది. లోపల దువ్వెన పళ్ళలా కండర పోగులు, వాటి మధ్య సందులు, మూలలు. గుండె సరిగ్గా కొట్టుకుంటున్నంతకాలం ఎడమ కర్ణికతోపాటే ఇదీ ముడుచుకుంటుంది. లోపలికొచ్చిన రక్తాన్ని ఎప్పటికప్పుడు బయటికి నెట్టేస్తుంది. ఆ ముడుచుకోవడం ఆగిపోతే రక్తం అక్కడే నిలవ ఉండిపోతుంది. నిలవున్న రక్తం ఏమవుతుందో తెలియడానికి లాబొరేటరీ అక్కర్లేదు, వంటిల్లు చాలు. తోడు వేసిన పాలగిన్నెను కదపొద్దంటారు కదా, కదలకపోతేనే పెరుగు గడ్డగా పేరుకుంటుంది. పాలు తోడుకునే రసాయనం వేరు, రక్తం గడ్డకట్టే రసాయనం వేరు. అయినా కదలిక లేకపోవడం రెండిటికీ కలిసొస్తుంది. 1856 ప్రాంతంలో జర్మన్ వైద్యుడు రుడాల్ఫ్ విర్కో చెప్పింది కూడా ఇదే: ఒకచోట పుట్టిన గడ్డ ఊడి, ప్రవాహంలో కొట్టుకుపోయి, మరోచోట నాళాన్ని మూసేస్తుంది. ‘ఎంబోలిజం’ అనే మాట ఆయన పెట్టిందే.

ఎడమ చెవిలో పేరుకున్న గడ్డకు దారి సిద్ధంగా ఉంటుంది. ఎడమ కర్ణికలోంచి ఎడమ జఠరికలోకి, అక్కడి నుంచి బృహద్ధమనిలోకి, దాని వంపు మీదుగా మెడలోని కెరోటిడ్ నాళంలోకి. అక్కడి నుంచి సూటిగా పైకి కొట్టుకుపోయి మెదడు పక్కభాగానికి రక్తం అందించే ధమనిలో ఇరుక్కుంటుంది. ఈ ప్రయాణమంతా కొన్ని సెకన్ల పని. కుడి చెవిలో గడ్డ పుడితే అది ఊపిరితిత్తుల వైపు పోతుంది, దాని కథ వేరు.

ఒంటి బరువులో మెదడు వాటా నూటికి రెండు వంతులే. పీల్చుకునే ఆక్సిజన్‌లో మాత్రం ఇరవై వంతులు దానికే కావాలి. దాచుకునే గుణం బొత్తిగా లేదు. పెద్ద నాళం మూసుకుపోతే నిమిషానికి సుమారు 19 లక్షల నాడీకణాలు చనిపోతాయని 2006లో అమెరికన్ న్యూరాలజిస్టు జెఫ్రీ సేవర్ లెక్కగట్టాడు. మెదడు ఎడమ సగం కుడి చేతినీ కుడి కాలినీ నడుపుతుంది, చాలామందిలో మాట కూడా అక్కడే ఉంటుంది. అందుకే ఆ వైపు నాళం మూసుకుంటే కుడిచెయ్యి పడిపోవడం, మాట పోవడం జంటగా వస్తాయి.

మన భాషలో దీనికి పక్షవాతం అని పేరు. పక్షం అంటే ఒక వైపు, వాతం అంటే గాలి. ఒక పక్కకు గాలి కొట్టిందని పెద్దలు అనుకున్నారు. ఇంగ్లీషువాళ్ళు ‘స్ట్రోక్’, అంటే దెబ్బ, అన్నారు, గ్రీకులూ అదే అర్థమొచ్చే మాట వాడారు. అంత హఠాత్తుగా వస్తుంది మరి. చనిపోయినవాళ్ళ మెదళ్ళను కోసి చూసి, ఇందులో గాలీ దేవుడూ లేరని, రక్తనాళం పగిలి రక్తం చిమ్మడమో నాళం మూసుకుపోవడమో జరుగుతోందని 1658లో స్విట్జర్లాండ్ వైద్యుడు యోహాన్ యాకోబ్ వెఫర్ రాశాడు. ఇప్పటికీ స్ట్రోకులు ఆ రెండు రకాలే. మూసుకుపోవడం వల్ల వచ్చేవే ఎక్కువ. వాటిలోనూ కొన్ని మెడలోనో మెదడులోనో నాళం లోపల కొవ్వు పేరుకుని వస్తాయి. కొన్ని మాత్రం గుండె నుంచి దిగుమతి అయినవి. దిగుమతి అయిన గడ్డ సాధారణంగా పెద్దది. అది పెద్ద నాళాన్ని అడ్డుకుంటుంది, మెల్లమెల్లగా కాకుండా ఒక్కసారిగా మీదపడుతుంది. ‘బానే ఉన్నాడండీ, కాఫీ తాగుతూ తాగుతూ గ్లాసు జారవిడిచాడు’ అని క్యాజువాల్టీలో బంధువులు చెప్పే మాట వెనక చాలాసార్లు ఇలాంటి గడ్డే ఉంటుంది.

కర్ణిక ముడుచుకోవడం ఎందుకు ఆగిపోతుంది? గుండెకు కుడి కర్ణికలో ఒక సహజ పేస్‌మేకర్ ఉంది. అది పంపే విద్యుత్ సంకేతం అలలా కర్ణికల గుండా పాకి, నడుమనున్న ఒక ద్వారం దగ్గర క్షణం ఆగి, జఠరికలకు చేరుతుంది. ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌లో, డాక్టర్ల వాడుకలో ‘ఏఎఫ్’లో, ఆ ఒక్క అల పోయి వంద చిన్న సుడులు లేస్తాయి. కర్ణికల నుంచి నిమిషానికి 350 నుంచి 600 దాకా సంకేతాలు పుడతాయి. ఏ పోగుకాపోగు విడివిడిగా అదురుతుందే తప్ప గది మొత్తంగా ముడుచుకోదు. సంచిలో పురుగులు మెసిలినట్టుంటుందని ఆపరేషన్ థియేటర్లో చూసినవాళ్ళు చెబుతారు. నడిమి ద్వారం ఈ సంకేతాలన్నిటినీ కిందికి వదలదు కాబట్టి మనిషి బతికిపోతాడు. ఏవో కొన్నిటిని, తోచినప్పుడు, వదులుతుంది. అందుకే మణికట్టు దగ్గర నాడి ఒకసారి వడిగా, ఒకసారి ఆలస్యంగా, ఒకసారి బలంగా, ఒకసారి అందీ అందనట్టు కొడుతుంది. మృదంగం వాయించేవాడు తాళం తప్పితే ఎక్కడ తప్పాడో చెప్పొచ్చు. ఏఎఫ్‌లో తప్పడానికి అసలు తాళమే ఉండదు. అప్పుడప్పుడూ ఒక దెబ్బ తప్పి గుండె ‘గుబుక్కు’మనడం వేరు, అది చాలామందికి ఉండేదే.

ఈ తాళంలేని నాడి వైద్యులకు ఎప్పటినుంచో తెలుసు. దానికి కారణం కర్ణికల అదురేనని 1909లో లండన్‌లో థామస్ లూయిస్, వియన్నాలో మరో ఇద్దరు వేర్వేరుగా తేల్చారు. డచ్ శాస్త్రవేత్త ఐంథోవెన్ అంతకు కొన్నేళ్ళ ముందే తయారుచేసిన ఈసీజీ యంత్రం లేకపోతే అది తేలేది కాదు. అయితే రోగానికి పేరు దొరికాక కూడా డెబ్భై ఏళ్ళపాటు వైద్యులు దీన్ని తేలిగ్గానే చూశారు. గుండె వాల్వు చెడినవాళ్ళకు ఏఎఫ్ వస్తే ప్రమాదం. వాల్వు బాగున్నవాళ్ళకు వస్తే వయసు మీదపడిన లక్షణం అని సరిపెట్టుకున్నారు. ఆ నమ్మకాన్ని చెరిపింది అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ అనే చిన్న పట్టణం. 1948 నుంచి అక్కడ 5,209 మందిని ఏళ్ళ తరబడి పరీక్షిస్తూ వచ్చారు. ఫిలిప్ వుల్ఫ్ బృందం 1978లో ఆ లెక్కలు విప్పి చూపింది. రుమాటిక్ వాల్వు జబ్బుతో ఏఎఫ్ ఉన్నవాళ్ళకు స్ట్రోకు ముప్పు 17 రెట్లు. వాల్వు బాగున్నా ఏఎఫ్ ఉంటే చాలు, ఐదు రెట్లు పైనే. 1991లో మరో లెక్క వచ్చింది. యాభైల్లో వచ్చే స్ట్రోకుల్లో ఏఎఫ్ వాటా నూటికి ఒకటిన్నర. ఎనభైల్లో నూటికి ఇరవైమూడు దాటింది.

ఐదు రెట్ల అంకె పాశ్చాత్య పాఠ్యపుస్తకాల్లో పెద్దక్షరాల్లో ఉంటుంది. మన దగ్గర పట్టించుకోవాల్సింది ఆ పదిహేడు. అమెరికా, యూరప్‌లలో ఏఎఫ్ అంటే డెబ్భై దాటినవాళ్ళ జబ్బు. బీపీ, షుగరు, స్థూలకాయం, నిద్రలో గురక, మద్యం దాని చుట్టాలు. థైరాయిడ్ ఎక్కువైనా వస్తుంది. 1991లో అమెరికా అధ్యక్షుడు పెద్ద బుష్ జాగింగ్ చేస్తూ ఆయాసపడితే పరీక్షల్లో తేలింది ఏఎఫ్, దాని వెనకున్నది థైరాయిడ్. ఈ కారణాలన్నీ మనకూ ఉన్నాయి, పెరుగుతున్నాయి కూడా. వీటికి తోడు, ధనిక దేశాలు దాదాపు మరిచిపోయిన ఇంకో కారణం మన దగ్గర ఉండిపోయింది. మన దేశంలోని 24 ఆస్పత్రుల్లో సుమారు 1,500 మంది ఏఎఫ్ రోగుల వివరాలను ఇండియన్ హార్ట్ రిథమ్ సొసైటీ సేకరిస్తే సగటు వయసు 55కి అటూ ఇటూ తేలింది. అందులో సగానికి కాస్త తక్కువమందికి రుమాటిక్ గుండెజబ్బు ఉంది.

దాని మొదలు ఒక గొంతునొప్పి. ఐదు నుంచి పదిహేనేళ్ళ వయసులో స్ట్రెప్టోకాకస్ అనే బాక్టీరియా గొంతులో చేరుతుంది. ఉప్పునీళ్ళు పుక్కిలించి నాలుగు రోజుల్లో తగ్గిందనుకుంటాం. రెండు మూడు వారాల తర్వాత కొందరు పిల్లలకు జ్వరం, మోకాళ్ళు వాచి నొప్పి. ఈ రోజు ఈ కీలు, రేపు ఆ కీలు. ఆ బాక్టీరియా మీదికి శరీరం పంపిన సైన్యం పోలికలు చూసి పొరబడి గుండె వాల్వుల మీద పడుతుంది. కీళ్ళనొప్పులు పోతాయి, వాల్వు మీద మచ్చ మిగులుతుంది. ఏటికేడాది ఆ మచ్చ గట్టిపడి, ఎడమ కర్ణికకూ జఠరికకూ నడుమ ఉండే మైట్రల్ వాల్వు చేపనోరులా కుంచించుకుపోతుంది. నాలుగు నుంచి ఆరు చదరపు సెంటీమీటర్లు తెరుచుకోవాల్సిన తలుపు ఒకటిన్నరకు దిగిపోతే దాని వెనకున్న కర్ణిక రక్తం దాటక ఉబ్బుతుంది. ఉబ్బిన గది గోడల్లో విద్యుత్ దారులు చెదిరి ఏఎఫ్ మొదలవుతుంది. అటు సన్నబడిన తలుపు, ఇటు కదలని గది. రక్తం తోడుకోవడానికి ఇంతకన్నా అనువైన చోటు ఉండదు.

ఈ జబ్బు ఆడవాళ్ళలో ఎక్కువ. ముప్పై, నలభై ఏళ్ళ మనిషి మెట్లెక్కితే ఆయాసమంటుంది. ‘రక్తం తక్కువ, నీరసం’ అని ఇంట్లోవాళ్ళు బలం మందు తెస్తారు. నెలలు నిండేకొద్దీ ఆయాసం ముదిరితే గర్భిణులకు మామూలేనంటారు. ఇలాంటివాళ్ళలో కొందరికి మొదటి నిర్ధారణ పక్షవాతంతోనే జరుగుతుంది, అప్పటికి చంకలో పిల్ల ఉంటుంది. చిన్నప్పుడే జబ్బు పట్టుకుని ఉంటే మూడు నాలుగు వారాలకోసారి వేసే పెన్సిలిన్ ఇంజెక్షన్ ఆ వాల్వును కాపాడి ఉండేది. అది నొప్పి పుట్టించే ఇంజెక్షన్, కానీ చవకైనది. చవకైన మందు తయారుచేయడానికి కంపెనీలకు ఉత్సాహం ఉండదు, పిల్లలకు వేయించుకోవడానికి ఉండదు.

గడ్డ కట్టకుండా ఆపే మందు కథ మాత్రం పశువుల కొట్టంలో మొదలైంది. 1920ల్లో ఉత్తర అమెరికాలో ఆవులకు వింత రోగం పట్టుకుంది. కొమ్ము కోసినా, చిన్న గీత పడినా రక్తం ఆగేది కాదు. తడిసి బూజుపట్టిన స్వీట్ క్లోవర్ అనే ఎండుగడ్డి తినడమే కారణమని పశువైద్యులు గుర్తించారు. 1933 ఫిబ్రవరిలో, మంచు తుఫానులో, విస్కాన్సిన్ రైతు ఎడ్ కార్ల్‌సన్ చచ్చిన పెయ్యనూ, ఆ పాడైన గడ్డినీ బండిలో వేసుకుని మూడొందల కిలోమీటర్లు నడుపుకుంటూ యూనివర్సిటీకి వచ్చాడు. ఒక పాల క్యాను నిండా రక్తం కూడా తెచ్చాడు. అది గడ్డకట్టని రక్తం. ఆ క్యాను చేరింది కార్ల్ లింక్ అనే రసాయన శాస్త్రవేత్త గదికి. రక్తాన్ని తోడుకోనివ్వని పదార్థాన్ని ఆ గడ్డిలోంచి వేరుచేయడానికి ఆయన బృందానికి ఆరేళ్ళకు పైగా పట్టింది. దాని తమ్ముడే వార్ఫరిన్. ఖర్చు పెట్టిన విస్కాన్సిన్ పరిశోధనా సంస్థ పేరులోని తొలి అక్షరాలతో ఆ పేరు పుట్టింది. 1948లో మార్కెట్లోకి వచ్చింది ఎలుకల మందుగా! 1954లో మనుషుల మందుగా అనుమతి పొందింది. మరుసటేడే గుండెపోటు వచ్చిన అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌కు ఇచ్చారు.

వార్ఫరిన్, మన దగ్గర ఎక్కువగా రాసే దాని బంధువు అసిట్రోమ్, కాలేయంలో విటమిన్ కె పనిని అడ్డుకుంటాయి. రక్తం గడ్డకట్టే ప్రోటీన్లు కొన్ని తయారవడానికి ఆ విటమిన్ కావాలి. ‘రక్తం పలచబడే మందు’ అని అందరం అంటాం గానీ రక్తం పలచబడేదేమీ లేదు; తోడు నిదానిస్తుంది, అంతే. ఎంత నిదానించిందో ఐఎన్ఆర్ అనే రక్తపరీక్ష చెబుతుంది. ఏఎఫ్ ఉన్నవాళ్ళకు మామూలుగా 2కూ 3కూ మధ్య ఉండాలి. తగ్గితే గడ్డ భయం, పెరిగితే రక్తస్రావం భయం. చిక్కేమిటంటే విటమిన్ కె దండిగా ఉండేది ఆకుకూరల్లో. తోటకూర, పాలకూర, మునగాకు మన కంచంలో లేని వారముండదు. ఆషాఢమొచ్చిందని వరసగా మునగాకు పప్పు తింటే ఐఎన్ఆర్ కిందికి దిగొచ్చు. అందుకని ‘ఆకుకూరలు మానెయ్యి’ అని చెప్పేవాళ్ళున్నారు. నాకది తప్పుడు సలహా అనిపిస్తుంది. మానడం కాదు, వారం వారం ఇంచుమించు ఒకే మోతాదులో తింటే మందును దానికి సరిపెట్టుకోవచ్చు.

ఇక ఆస్పిరిన్. ‘రక్తం పలచబడే బిళ్ళ వాడుతున్నాం’ అని చెప్పే చాలామంది చేతిలో ఉండేది ఇదే. ధమనిలో కొవ్వు పగిలి పుట్టే గడ్డల్లో ప్లేట్‌లెట్లు ముఖ్యం. ఆస్పిరిన్ వాటిని అణుస్తుంది. నిలవ రక్తంలో పుట్టే గడ్డ వేరే రకం, అందులో ఫైబ్రిన్ దారాల అల్లిక ఎక్కువ. ఏఎఫ్ రోగుల మీద జరిగిన ప్రయోగాలన్నిటినీ కలిపి చూస్తే వార్ఫరిన్ స్ట్రోకులను దాదాపు మూడింట రెండొంతులు తగ్గించింది, ఆస్పిరిన్ ఐదో వంతు. రక్తస్రావం భయంతో ముసలివాళ్ళకు ఆస్పిరిన్‌తో సరిపెట్టడం వైద్యుల్లోనూ ఉన్న అలవాటే. ‘పడిపోతారేమో, తలలో రక్తం కారుతుందేమో’ అని. 1999లో కెనడా పరిశోధకులు దీనికీ లెక్క వేశారు. ఆ ప్రమాదం వార్ఫరిన్ చేసే మేలును మించాలంటే ఆ మనిషి ఏడాదికి సుమారు 295 సార్లు పడాలట. లెక్కలో ఊహలున్నాయని విమర్శించినవాళ్ళున్నారు, నిజమే. సగం చేసుకున్నా మూడ్రోజులకోసారి కన్నా ఎక్కువ పడాలి.

2009 తర్వాత డాబిగాట్రాన్, రివరాక్సబాన్, అపిక్సబాన్ వంటి కొత్త మందులొచ్చాయి. ఐఎన్ఆర్ అక్కర్లేదు, ఆకుకూరల గొడవ లేదు, మెదడులో రక్తస్రావమూ తక్కువ. మరి రుమాటిక్ వాల్వు ఉన్నవాళ్ళకో? పాత ప్రయోగాల్లో వాళ్ళను చేర్చుకోలేదు. చివరికి 24 దేశాల్లో 4,500 మందికి పైగా రోగులతో ఇన్విక్టస్ అనే ప్రయోగం జరిగింది. దాన్ని నడిపినవాళ్ళలో ఢిల్లీ ఎయిమ్స్‌కు చెందిన గణేశన్ కార్తికేయన్ ఒకరు. రోగుల సగటు వయసు యాభై, పదిమందిలో ఏడుగురు ఆడవాళ్ళు. కొత్త మందు కనీసం పాతదానితో సమానంగానైనా నిలుస్తుందని చాలామంది ఎదురుచూశారు. 2022లో వచ్చిన ఫలితం అడ్డం తిరిగింది. పాత ఎలుకల మందు బంధువులే గెలిచాయి. వాటిని వాడినవాళ్ళలో మరణాలు తక్కువ. ధనిక దేశాల రోగుల మీద తేలిన నిజాన్ని మన రోగుల మీద ఊరికే అంటించకూడదని ఈ ఒక్క ప్రయోగం తేల్చినంతగా మరేదీ తేల్చలేదు.

ఏ మందైనా మానేస్తే పనిచేయదు. ఈ మందుతో వచ్చిన ఇబ్బంది ఏమిటంటే అది చేసిన మేలు కంటికి కనపడదు. బీపీ మందు వేసుకుంటే అంకె దిగుతుంది, నొప్పి బిళ్ళకు నొప్పి తగ్గుతుంది. దీనివల్ల కనిపించేదల్లా చిగుళ్ళ నుంచి రక్తం, గీసుకుంటే మరక. రాకుండా పోయిన పక్షవాతాన్ని ఎవరు లెక్కబెడతారు? పన్ను పీకించుకోవడానికని ఆపి మళ్ళీ మొదలుపెట్టనివాళ్ళు, ‘గుండె దడ తగ్గిందిగా’ అని మానేసినవాళ్ళు ప్రతి వార్డులోనూ తగులుతారు.

అసలు ఏఎఫ్ ఉన్నట్టు తెలియాలి కదా. చాలామందికి దడ కూడా ఉండదు. కొందరికి వచ్చిపోతూ ఉంటుంది, ఈసీజీ తీసిన పది సెకన్లలో ఉండకపోవచ్చు. కారణం అంతుపట్టని స్ట్రోకు వచ్చినవాళ్ళ చర్మం కింద చిన్న రికార్డరు పెట్టి చూస్తే ఏడాదిలో నూటికి పన్నెండు మందిలో ఏఎఫ్ బయటపడిందని, మామూలు పరీక్షల్లో ఇద్దరిలోనే దొరికిందని 2014 నాటి ఒక ప్రయోగం చూపింది. ఇప్పుడు చేతి గడియారాలూ ఆ పని చేస్తున్నాయి. అంత ఖర్చు లేకుండా ఇంట్లో బీపీ మిషను ఉంటే చాలు; చాలా మిషన్లు నాడి అస్తవ్యస్తంగా ఉంటే తెర మీద ఒక గుండె బొమ్మ మిణుకుమనిపిస్తాయి. బ్యాటరీ అయిపోయిందనుకుని బ్యాటరీలు మార్చిన పెద్దమనిషి ఒకాయన నాకు తెలుసు. మిషను కూడా లేకపోతే బొటనవేలి కింద మణికట్టు మీద మూడు వేళ్ళు ఆనించి పూర్తిగా ఒక నిమిషం లెక్కపెట్టాలి, పదిహేను సెకన్లు చూసి నాలుగుతో గుణించడం కాదు.

స్ట్రోకు వచ్చేశాక లెక్కంతా గడియారానిదే. మూతి ఒక పక్కకు లాగడం, ఒక చెయ్యి లేవకపోవడం, మాట తడబడటం, ఈ మూడింటిలో ఏదైనా హఠాత్తుగా వస్తే 108కి ఫోన్ చేయాలి. నీళ్ళు తాగించకూడదు, గొంతు పనిచేయకపోతే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఇంట్లో ఉన్న ఆస్పిరిన్ వేయకూడదు. నాళం మూసుకుందా పగిలిందా అన్నది సీటీ స్కాన్ తప్ప ఎవరూ చెప్పలేరు. పావురం రక్తం రాయడం, నాటు మందు కోసం రాత్రికి రాత్రి వేరే ఊరు బయల్దేరడం ఇప్పటికీ ఉన్నాయి. గడ్డను కరిగించే ఇంజెక్షన్‌కు ఉన్న గడువు నాలుగున్నర గంటలు. పెద్ద నాళంలో ఇరుక్కున్న గడ్డనైతే తొడ దగ్గర నుంచి సన్నటి గొట్టం పంపి లాగేయవచ్చని 2015లో వరసగా ఐదు ప్రయోగాలు రుజువు చేశాయి. ఎంపిక చేసిన కొందరికి 24 గంటల దాకా అవకాశముంది. ఆ సదుపాయం పెద్ద నగరాల్లోనే ఎక్కువ. ఏ ఆస్పత్రిలో సీటీ స్కాన్ రాత్రిపూట కూడా నడుస్తుందో ముందే కనుక్కుని ఉంచుకోవడం ఏఎఫ్ రోగి ఉన్న ఇంటికి పనికొచ్చే విషయం.

గడ్డ పుట్టేది ఆ ఎడమ చెవిలోనే అయితే దాన్నే తీసేస్తే పోదా అన్న ఆలోచన సర్జన్లకు ఎప్పుడో వచ్చింది. వాల్వు చెడని ఏఎఫ్‌లో కనిపించే గడ్డల్లో పదింట తొమ్మిది అక్కడివే. 2021లో వెలువడిన ఒక పెద్ద ప్రయోగంలో, వేరే కారణానికి గుండె ఆపరేషన్ చేయించుకుంటున్న 4,700 మందికి పైగా ఏఎఫ్ రోగుల్లో సగంమందికి అదే పనిలో ఎడమ చెవిని కోసేశారు, లేదా మూసి కుట్టేశారు. నాలుగేళ్ళు తిరిగేలోపు స్ట్రోకులు నూటికి ఏడు నుంచి ఐదుకు తగ్గాయి. వాళ్ళలో ఎక్కువమంది మాత్రలు కూడా వాడుతూనే ఉన్నారు, కాబట్టి ఇది మందుకు బదులు కాదు, మందుకు తోడు. మాత్రలు బొత్తిగా పడనివాళ్ళకు తొడ నరం గుండా గొడుగులాంటి మూతను పంపి ఆ సంచి నోరు మూసే పద్ధతీ ఉంది.

అలాగని అది పనికిరాని అవయవం కాదు. 1981లో కెనడాలో అడోల్ఫో డి బోల్డ్ ఎలుకల కర్ణికల రసాన్ని వేరే ఎలుకల్లోకి ఎక్కించి చూస్తే అవి ధారాళంగా మూత్రం పోశాయి. ఒంట్లో నీరూ ఉప్పూ ఎక్కువై కర్ణికలు సాగినప్పుడు, వాటి గోడల్లోంచి, ఈ చెవుల్లోంచి, మూత్రపిండాలకు ఒక హార్మోను కబురు పోతుంది: బయటికి పంపించమని. పేరుకు చెవి అన్నారు గానీ నిజంగానే అది ఒకటి వింటుంది. ఎడమదాన్ని కుట్టేసినవాళ్ళకు ఆ వినికిడి కొన్నాళ్ళు మందగిస్తుందేమోనని సర్జన్లు ఒక కన్నేసి ఉంచుతారు. కుడిది ఉంది కదా, అది మాత్రం ముట్టుకోరు.